దీని తల్లిని చూసినావా?

మా చిన్నాయన కొడుకు పోయినేడు బెంగుళూరు నుంచి ఒక కుక్కపిల్లను కొనుక్కొచ్చాడు. అమ్మినవాళ్ళు దాన్ని 'షెపర్డ్-హస్కీ మిక్స్' అన్నారట. ఒక కన్ను నీలం, ఇంకో కన్ను తేనెరంగు. వాట్సాప్‌లో ఫొటో పెట్టి "ఎట్లుందన్నా?" అన్నాడు. "బాగుందిరా" అన్నాను. కుక్కపిల్ల ఫొటో చూసి బాగాలేదని ఎవరంటారు?

పది నెలల తర్వాత ఫోన్ చేశాడు. "అన్నా, ఇది ఎదకొచ్చింది. పెనుకొండలో తెలిసినోళ్ళ దగ్గర మొగ షెపర్డ్ ఒకటుంది. కలిపిస్తే ఈతకు ఐదారు పిల్లలన్నా వస్తాయంట. హిందూపురంలో ఇప్పుడు హస్కీ అంటే ఎగబడతాండారు. రెండూ మంచి జాతులే గదా, కలిపితే తప్పేముంది? నువ్వు పుస్తకాలు చదువుతావు, చూసి చెప్పు."

నాకు కుక్కల గురించి తెలిసింది తక్కువ. అయినా 'రెండూ మంచివే, కలిపితే తప్పేముంది' అన్న ప్రశ్న నన్ను వదల్లేదు. అది కుక్కల గురించి మాత్రమే అడిగే ప్రశ్న కాదని అనిపించింది. మార్చి ఆఖర్లో బెంగుళూరులో రైలెక్కాను. దొడ్డబళ్ళాపురం, గౌరీబిదనూరు, హిందూపురం, పెనుకొండ, ధర్మవరం. ఆ దారిలో రైలు ముందుకు పోయేకొద్దీ నేల కిందికి దిగుతుంది, ఎండ పైకెక్కుతుంది.

సీమలో సీమకుక్క

తెలుగులో పరాయి సరుకు దేనికైనా ముందు 'సీమ' తగిలిస్తాం. సీమచింత, సీమవంకాయ, సీమకుక్క. మాది రాయలసీమ కాబట్టి ఈ మాట మాకు కాస్త తమాషాగా వినిపిస్తుంది. దానికి ఎదురుమాట నాటుకుక్క, ఊరకుక్క. 'జాతికుక్క' అంటే మెప్పు, 'ఊరకుక్క' అంటే తిట్టు. ఇక 'సంకరం' సంగతి చెప్పక్కర్లేదు. కులాలు కలవకుండా భయపెట్టడానికి శతాబ్దాలుగా వాడిన మాట అది. అదే మాట పాడిపరిశ్రమలోకి వచ్చేసరికి 'సంకరజాతి ఆవు' అని మర్యాద పొందింది.

అందుకే ఈ విషయం మాట్లాడేటప్పుడు రెండు నమ్మకాలు మనకు తెలియకుండానే నోట్లోకి వచ్చేస్తాయి. జాతి కలుషితం కాకూడదు అన్నది ఒకటి. కలిపితే రెండింటిలోని మంచీ వస్తుంది అన్నది రెండోది. మొదటిది పాత నమ్మకం, రెండోది కొత్త నమ్మకం. చరిత్ర చూస్తే రెండూ నిలబడవు.

'జాతి స్వచ్ఛత' అన్న భావనకు కుక్కల విషయంలో పెద్ద వయసేమీ లేదు. లండన్‌లో కెన్నెల్ క్లబ్ పుట్టింది 1873లో. వంశావళి పుస్తకం రాసుకుని, అందులో పేరున్న తల్లిదండ్రులకు పుట్టినవాటినే జాతికుక్కలుగా లెక్కించే పద్ధతి ఆ కాలపుది. అంతకు ముందు వేల ఏళ్ళపాటు కుక్కల్ని మనుషులు పనిని బట్టే ఎంచుకున్నారు. వేటకు పనికొచ్చినదాన్ని వేటకు పనికొచ్చినదానితో, మంద కాసేదాన్ని మంద కాసేదానితో కలిపారు. అది ఏ రంగులో ఉంది, చెవి నిలబడిందా వాలిందా అన్నది తర్వాతి సంగతి.

ఇవాళ మనం 'షెపర్డ్' అని పిలిచే జర్మన్ షెపర్డ్ కూడా అట్లా కలిపి చేసినదే. మాక్స్ ఫాన్ స్టెఫానిట్స్ అనే మాజీ సైనికాధికారి 1899 ఏప్రిల్‌లో ఒక ప్రదర్శనలో ఒక కాపరి కుక్కను చూసి కొన్నాడు. దాని పేరు హెక్టర్. దాన్ని హోరాండ్ ఫాన్ గ్రాఫ్రత్ అని మార్చి, అదే నెలలో ఒక సంఘం పెట్టి, ఆ కుక్కను వంశావళి పుస్తకంలో మొదటిదిగా రాసుకున్నాడు. జర్మనీలో ఒక్కో ప్రాంతానికి ఒక్కో రకం కాపరి కుక్క ఉండేది. తురింగియా కుక్కలు చురుకైనవి, వ్యుర్టెంబర్గ్ కుక్కలు దిట్టమైనవి. వాటిని కలిపి ఒక అచ్చు పోశారు. పోసిన తర్వాత తలుపు మూశారు. సంకరంతో మొదలై స్వచ్ఛతతో ముగిసిన కథ అది. చాలా జాతుల కథ ఇంతే.

హస్కీ కథ ఇంకోవైపు నుంచి వస్తుంది. సైబీరియా ఈశాన్య మూలలో చుక్చీ ప్రజలు పెంచిన కుక్కలవి. 1909లో ఒక రష్యన్ వ్యాపారి వాటిని అలాస్కాలోని నోమ్ పట్నానికి స్లెడ్ పందేల కోసం తెచ్చాడు. చిన్నగా ఉన్నాయని అక్కడివాళ్ళు మొదట నవ్వారు. 1925 చలికాలంలో నోమ్‌లో డిఫ్తీరియా వచ్చినప్పుడు, 20 మంది బండివాళ్ళు, 150 దాకా కుక్కలు చేయి మార్చుకుంటూ 674 మైళ్ళు మందు మోసుకొచ్చాక ఆ నవ్వు ఆగింది. ఐదేళ్ళకు, 1930లో, అమెరికన్ కెన్నెల్ క్లబ్ సైబీరియన్ హస్కీని జాతిగా గుర్తించింది. ఇక్కడా తలుపు మూసుకుంది.

జాక్ లండన్ ముందే కలిపాడు

షెపర్డ్‌నూ స్లెడ్ కుక్కనూ కలపడం ఇవాళ్టి ఇన్‌స్టాగ్రామ్ వేలంవెర్రి అనుకున్నాను. పుస్తకాల అర వైపు చూస్తే జాక్ లండన్ కనిపించాడు. 'ది కాల్ ఆఫ్ ది వైల్డ్' 1903లో వచ్చింది. అందులో బక్ అనే కుక్క తండ్రి సెయింట్ బెర్నార్డ్, తల్లి స్కాచ్ షెపర్డ్. కాలిఫోర్నియాలో దర్జాగా బతుకుతున్నదాన్ని దొంగిలించి అమ్మేస్తారు. మంచులో బండికి కడతారు. ఇది వట్టి కల్పన కాదు. 1897లో క్లోండైక్‌లో లండన్‌కు పరిచయమైన బాండ్ సోదరుల దగ్గర అట్లాంటి సంకరం కుక్కే ఉండేది. బక్‌కు మూలం అదే. ఆ రోజుల్లో బంగారం కోసం పోయినవాళ్ళు కాస్త ఒళ్ళున్న ఏ కుక్కనైనా బండికి కట్టేశారు. వచ్చిన కుక్కలు అక్కడి కుక్కలతో కలిసిపోయాయి.

మూడేళ్ళకు వచ్చిన 'వైట్ ఫ్యాంగ్' ఇంకా దగ్గరి కథ. వైట్ ఫ్యాంగ్ ముప్పాతిక తోడేలు, ఉత్తరాన స్లెడ్ లాగింది. చివరికి దాన్ని కాలిఫోర్నియా తెస్తారు. అక్కడ కాలీ అనే గొర్రెల కాపరి కుక్క ఉంటుంది. దీన్ని చూడగానే దాని రక్తంలోని కాపలా బుద్ధి మేలుకుంటుంది, మీద పడుతుంది. వైట్ ఫ్యాంగ్ ఏం చేస్తుంది? ఒక రాత్రి కోళ్ళగూట్లో దూరి యాభై తెల్లకోళ్ళను చంపేస్తుంది. నవల చివర్లో ఆ రెండింటి పిల్లలూ ఎండలో వైట్ ఫ్యాంగ్ మీద దొర్లుతుంటాయి. మనం కళ్ళు తుడుచుకుని పుస్తకం మూసేస్తాం. ఆ పిల్లలు పెరిగి ఏం చేశాయో లండన్ చెప్పలేదు. మందను కాచాయా, మంద మీద పడ్డాయా?

నవల చెప్పని జవాబులో ఒక ముక్క శాస్త్రంలో దొరికింది. అలాస్కాలో పందేలకు వాడే 'అలాస్కన్ హస్కీ' ఏ క్లబ్బూ గుర్తించిన జాతి కాదు. పరుగెత్తినదాన్ని పరుగెత్తినదానితో కలుపుతూ వచ్చిన సంకరం అది. 2010లో శాస్త్రవేత్తలు ఆ కుక్కల జన్యువులు చూశారు. మాలమ్యూట్, సైబీరియన్ హస్కీ పాలు ఎక్కువున్నవి దూరం లాగుతున్నాయి. పాయింటర్, సలూకీ పాలున్నవి వేగంగా పోతున్నాయి. మూడో సంగతి చదివి నేను ఆగిపోయాను. అనటోలియన్ షెపర్డ్ పాలున్నవాటిలో పని మీద శ్రద్ధ ఎక్కువ కనిపించిందట. అనటోలియన్ షెపర్డ్ టర్కీలో తోడేళ్ళ నుంచి గొర్రెల్ని కాచే కుక్క. అంటే కాపరి రక్తం, బండి రక్తం కలిసి బాగా పనిచేసిన ఉదాహరణ నిజంగానే ఉంది.

తమ్ముడికి ఈ సంగతి చెబితే ఎగిరి గంతేస్తాడు. కానీ హిందూపురంలో దిగేసరికి ఇంకో మనిషి నాకంటే ముందే ఆలోచించి పెట్టుకుని ఉన్నాడు.

హిందూపురం: పసుపు గూడు, తెల్ల గూడు

చిన్నాయన ముప్పై ఏళ్ళుగా పట్టుపురుగులు మేపుతున్నాడు. చుట్టుపక్కల చాలామందికి అదే బతుకు. హిందూపురంలో పట్టుగూళ్ళ మార్కెట్ ఉంది, పక్కనే కిరికెరలో రాష్ట్ర పట్టు పరిశోధన సంస్థ ఉంది. ఇంటి వెనక పురుగుల షెడ్డు. లోపల 25 డిగ్రీల దగ్గర ఉండాలి, తేమ ఉండాలి. అందుకని కిటికీలకు తడిపిన గోనెపట్టలు కడతారు. వేసవిలో ఆ ఇంటి మొత్తంలో చల్లని చోటు అదే. సున్నం, బ్లీచింగ్ చల్లి శుభ్రంగా పెట్టుకున్న చోటు కాబట్టి కుక్కను రానివ్వరు. నేను పోయేసరికి తమ్ముడి కుక్క ఆ షెడ్డు గోడకు బయటినుంచి ఒళ్ళంతా ఆనించి, నాలుక వేలాడేసి పడుకుని ఉంది.

"రోజంతా ఆడ్నే. ఆ గోడ చల్లగుంటాదని దానికి ఎవురు చెప్పినారో!" అంది చిన్నమ్మ.

రాత్రి అన్నాలయ్యాక నేను అలాస్కా పరిశోధన గురించి చెప్పాను. చిన్నాయన విని, కొడుకు వైపు చూశాడు.

"మేం మేపేది సంకరమే గదరా. సంకరం చెడ్డదని నేనేడ చెప్పినా?"

నిజమే. చిన్నాయన మాటల్లో అది ఇట్లా ఉంటుంది. మైసూరు జాతి పురుగు మన ఎండకు, మన ఆకుకు తట్టుకుంటుంది. ఏడాదికి ఎన్ని పంటలైనా తీయొచ్చు. కానీ గూడు చిన్నది, దారం పొట్టి. బైవోల్టిన్ చలిదేశాల పురుగు. గూడు తెల్లగా, గట్టిగా ఉంటుంది, దారం పొడుగు. కానీ సుకుమారి, ఎండ తగిలితే పడిపోతుంది. మైసూరు ఆడదానికి, బైవోల్టిన్ మొగదానికి కలిపి తీసిన గుడ్ల నుంచి వచ్చేది 'సీబీ', పసుపు గూడు. తల్లి ఓర్పు, తండ్రి దారం. దక్షిణాదిలో పట్టు పరిశ్రమ చాలాకాలం ఈ ఒక్క సంకరం మీదే నడిచింది. మొదటి తరం సంకరానికి ఈ బలం వస్తుందని పట్టుపురుగుల్లో చూపించి, రైతులకు అవే గుడ్లు ఇవ్వాలని 1906లో చెప్పినవాడు జపాన్ శాస్త్రవేత్త తొయామా కమెతారో. మెండెల్ సూత్రాలు జంతువులకూ వర్తిస్తాయని తొలిగా చూపించినవాళ్ళలో ఆయన ఒకడు.

"మరి ఆ పసుపు గూళ్ళనుంచే మళ్ళీ గుడ్లు తీసుకోవచ్చు గదా, ప్రతి పంటకూ కొనేదెందుకు?" అని అడిగాను. సమాధానం తెలియక కాదు, తమ్ముడు వినాలని.

"తీస్తే గుడ్లు వస్తాయి. పురుగులూ వస్తాయి. కానీ ఒకటి తాత మాదిరి, ఒకటి అవ్వ మాదిరి. ఒకటి ఈ పొద్దు నాలుగో జ్వరానికి పండుకుంటే ఇంకోటి రెండ్రోజులకు. ఒక గూడు లావు, ఒక గూడు పల్చన. రీలరు దాన్ని ముట్టుకోడు. సంకరాన్ని ఒక్క పంటకే వాడాల. మళ్ళా కావాలంటే మళ్ళా అసలు తల్లి, అసలు తండ్రి దగ్గరికే పోవాల."

అక్కడితో ఆగలేదు. గుడ్లు తీసే గ్రైనేజీలో గుడ్లు పెట్టిన తల్లి చిలుకల్ని నూరి సూక్ష్మదర్శిని కింద చూస్తారు. పెబ్రిన్ అనే జబ్బు తల్లి నుంచి గుడ్డులోకి దిగుతుంది. 1860లలో ఫ్రాన్స్ పట్టు పరిశ్రమను ఆ జబ్బు నాశనం చేస్తుంటే లూయీ పాశ్చర్ కనిపెట్టిన పద్ధతి అది. తల్లిలో మచ్చ కనిపిస్తే ఆ గుడ్లన్నీ కాల్చేస్తారు. వంద అడుగుల గదిలో మేపే పురుగుకు అంత విచారణ ఉంది.

చిన్నాయన కొడుకును ఒక్కటే అడిగాడు.

"దీని తల్లిని చూసినావా?"

"వీడియోలో చూపించినారు నాయనా."

"తండ్రిని?"

తమ్ముడు మాట్లాడలేదు.

పెనుకొండ: మందలో పడుకునేది

మరుసటి రోజు పెనుకొండ పోయాం, ఆ మొగ షెపర్డ్‌ను చూడటానికి. మంచి కుక్క. నాలుగేళ్ళది. పిలిస్తే లేచి వచ్చింది, కానీ లేచేటప్పుడు వెనక భాగాన్ని ఒక క్షణం ఈడ్చింది. "ఎండకు బద్ధకం" అన్నారు. కావచ్చు. జర్మన్ షెపర్డ్‌లలో తుంటి కీలు సరిగ్గా కుదరని లోపం చాలా ఎక్కువ. ఎక్స్‌రే తీస్తేనే తెలుస్తుంది. తీయించారా అని అడగడానికి తమ్ముడు మొహమాటపడ్డాడు. నేనూ అడగలేదు. రైల్లో అనుకున్న ప్రశ్నలన్నీ ఆ ఇంటి వసారాలో, వాళ్ళిచ్చిన మజ్జిగ తాగుతూ నేను అడగలేకపోయాను.

పెనుకొండలో నిలబడితే కుక్క గురించి ఇంకోరకంగా ఆలోచించాల్సి వస్తుంది. 1565 యుద్ధంలో విజయనగరం కూలాక రాజధాని ఇక్కడికే వచ్చింది. ఆ సామ్రాజ్యం పుట్టుకథలోనే కుక్కలున్నాయి. 1530లలో విజయనగరంలో ఉన్న పోర్చుగీసు వ్యాపారి నూనిజ్ ఆ కథ రాశాడు. రాజు వేటకు పోతే ఒక కుందేలు పారిపోకుండా ఎదురు తిరిగి వేటకుక్కల్ని కరిచిందట, ఆ నేల మీదే నగరం కట్టాలని ముని చెప్పాడట. మన ప్రబంధాల్లో వేట వస్తే జాగిలాలు రావాల్సిందే. ఆ 'జాగిలం' అన్న మాట ఇప్పుడు పేపర్లో దొంగతనం వార్త వచ్చినప్పుడే బతుకుతోంది. పోలీసు జాగిలం. ఆ మాట కింద నిలబడేది మాత్రం జర్మన్ షెపర్డో, లాబ్రడారో. మాట మనదే, కుక్క మారింది.

రాజుల వేటకుక్క ఒకటైతే కాపరుల కుక్క ఇంకోటి. కురుబల దేవుడు మైలారలింగడి వెంట కుక్క ఉంటుంది. ఆయన భక్తులైన గొరవలు కంబళి కట్టుకుని, దేవుడి కుక్కలమని చెప్పుకుని, కుక్కల్లా మొరిగి ఆడతారు. ఒక పశువుల సమాజం కుక్కకు ఇచ్చిన చోటు అది. తిట్టుకు వాడే ఊరకుక్క కాదు.

కొండ అవతల బీట్లో ఒక మంద దిగి ఉంటే సాయంత్రం అక్కడ కూర్చున్నాం. ఎరువు కోసం రైతు పొలంలో మంద తోలారు. మూడు కుక్కలు, మూడూ మూడు రంగులు. ఐరోపా షెపర్డ్ చేసే పనికీ వీటి పనికీ తేడా ఉంది. అక్కడి కుక్క మందను తిప్పుతుంది, అదిలిస్తుంది, గీత దాటనివ్వదు. ఇక్కడ తిప్పేది మనిషి, అతని కేక. కుక్క పని రాత్రి మొదలవుతుంది. తోడేలు, చిరుత రెండూ తిరిగే నేల ఇది. కుక్క గొర్రెల మధ్య పడుకోవాలి, గొర్రెను ముట్టకూడదు, పరాయిదాన్ని రానివ్వకూడదు. ఇదే పనికి కర్నూలు జిల్లా పత్తికొండ దగ్గర పందికోన కుక్కలు పేరుబడ్డాయి. ఆ ఊరి పేరే వాటి పేరు.

తమ్ముడు ఫోన్లో తన కుక్క ఫొటో చూపించాడు. ఆ పెద్దాయన కాసేపు చూసి, "కండ్లు బాగుండాయి. ఇది మందలో పండుకుంటాదా?" అన్నాడు.

తమ్ముడు నవ్వేశాడు. దారిలో నాతో అన్నాడు, పోయిన నెల అది పక్కింటివాళ్ళ నాలుగు కోళ్ళను చంపిందని, డబ్బు కట్టానని. ఇంట్లో చెప్పలేదట. నాకు వైట్ ఫ్యాంగ్ గుర్తొచ్చింది. మంచుదేశంలో కుక్కల్ని వేసవిలో వదిలేస్తే అవే వేటాడుకుని తినేవి. ఆ వేట బుద్ధి హస్కీలో ఇంకా ఉంది. పరాయివాళ్ళను అనుమానించే కాపలా బుద్ధి షెపర్డ్‌లో ఉంది. కలిపినప్పుడు ఏ పిల్లలో ఏది ఎంత దిగుతుందో ఎవరికీ తెలియదు. చెప్పింది వినే గుణం తల్లి వైపు నుంచి రాక, అనుమానం మాత్రం తండ్రి వైపు నుంచి వస్తే?

మేం కూర్చున్న మందలోనే కలపడం గురించి ఇంకో పాఠం ఉంది. ఈ నేల మీద ఒకప్పుడు ఉన్నిచ్చే దక్కని నల్ల గొర్రెలే ఎక్కువ. ఉన్నికి ధర పడిపోయి మాంసానికి పెరిగేసరికి వాటిని నెల్లూరు పొట్టేళ్ళతో కలుపుతూ వచ్చారు. పిల్ల ఎత్తుగా, బరువుగా వచ్చింది. కాపరికి నాలుగు డబ్బులు మిగిలాయి. ఆ లాభాన్ని కాదనలేం. కానీ ఉన్ని పోయింది. ఉన్నితోపాటు కంబళి నేసే మగ్గమూ పోతోంది. ఆ పెద్దాయన భుజం మీది కంబళి కొన్నది, తన మంద ఉన్నితో నేసింది కాదు. సంకరం ఎప్పుడూ ఒకటి ఇచ్చి ఒకటి తీసుకుంటుంది. ఏది తీసుకుందో తెలిసేసరికి ఒక తరం గడిచిపోతుంది.

తోడేలుకు కూడా ఈ ముప్పు ఉంది. 2023లో పుణె దగ్గర తోడేలు-కుక్క సంకరాన్ని జన్యుపరీక్షతో నిర్ధారించారు, మన దేశంలో అట్లా తేలడం అదే మొదలు. ఊరి అంచున కుక్కలు పెరిగి, బీడు తగ్గితే అడవి రక్తమే పల్చనవుతుంది. అక్కడ కలపాలని ఎవరూ అనుకోలేదు. దానంతటదే జరిగింది.

ధర్మవరం: తోడబుట్టినవాడు

తమ్ముడి కుక్కతో పాటే ఒకే ఈతలో పుట్టిన మొగదాన్ని ధర్మవరంలో అతని స్నేహితుడు కొన్నాడు. చూడకుండా రాలేకపోయాను. ముందుగదిలో మగ్గం, వెనక రెండు గదులు. ధర్మవరం హిందూపురం కంటే దిగువన ఉంది, ఎండ ఇంకా గట్టిది. కుక్క మగ్గం గుంట పక్కన పడుకుని ఉంది. మమ్మల్ని చూసి లేచింది.

దాన్ని చూసి నేను తడబడ్డాను. చెల్లెలికీ దీనికీ పోలికే లేదు. చెవులు వాలి ఉన్నాయి, ఒళ్ళు ఎర్రమట్టి రంగు, కాళ్ళు పొడుగు, వెంట్రుక పొట్టి. నీలికన్ను లేదు. నెమ్మదస్తుడు. ఎండను దానికంటే బాగా ఓర్చుకుంటున్నాడు. "నన్ను మోసం చేసినారన్నా, హస్కీ అని చెప్పి నాటుకుక్కను అంటగట్టినారు" అన్నాడు స్నేహితుడు. అంటూనే దాని చెవి వెనక గోకుతున్నాడు.

రాత్రికి హిందూపురం చేరి ఈ మాట చెబితే చిన్నాయన తలూపాడు. "అసలు షెపర్డ్‌కూ అసలు హస్కీకీ పుట్టిన మొదటి ఈత అయితే ఇంత తేడా రాదు. దీని తల్లో తండ్రో ముందే కలిసినవై ఉండాల. తాతవ్వలు బయటికి వస్తాండారు." కుక్కల జాతులు పట్టుపురుగుల వంశాలంత ఒకేరకంగా ఉండవు, కాబట్టి చూపుతోనే తీర్పు చెప్పలేం. ఒక ఈతకు ఇద్దరు తండ్రులూ ఉండొచ్చు. అయినా ముప్పై ఏళ్ళు పురుగులు చూసిన కన్ను చెప్పినదాన్ని నేను తోసిపుచ్చలేను.

ఇక తమ్ముడి ప్రశ్నకు లెక్క రాసుకుందాం అనుకున్నాను.

లాభం నిజంగా ఉంది. కొన్ని జబ్బులు ఒకే లోపం తల్లి నుంచి, తండ్రి నుంచి రెండువైపులా వస్తేనే బయటపడతాయి. షెపర్డ్‌లలో వెన్నుపాము క్రమంగా చచ్చుబడే జబ్బు, హస్కీలలో చిన్నప్పుడే వచ్చే కంటిశుక్లం లాంటివి. దూరపు జాతుల్ని కలిపితే వీటిలో కొన్ని మరుగున పడతాయి. మూసిన తలుపుల వెనక దగ్గరి రక్తంలోనే కలుపుతూ పోయిన జాతులకు ఇది ఊపిరి లాంటిదే. ధర్మవరం కుక్క ఆ మేలుకు సాక్ష్యం కావచ్చు.

కానీ తుంటి లోపం అట్లాంటిది కాదు. దాని వెనక చాలా జన్యువులున్నాయి, అది రెండు జాతుల్లోనూ ఉంది. కలిపినంత మాత్రాన పోదు. ఎండ సంగతి ఇంకా సూటిగా ఉంది. పట్టుపురుగుల్లో ఒకటి ఎండది, ఒకటి చలిది, అందుకే కలయికకు అర్థముంది. ఇక్కడ రెండూ చలిదేశపువే. రెండింటికీ పైన ఒక బొచ్చు, లోపల దట్టమైన ఇంకో బొచ్చు. కుక్క ఒంటిని చల్లబరచుకునేది ముఖ్యంగా రొప్పుతూనే. రెండు కంబళ్ళు కలిపి కుడితే పంచె అవుతుందా?

అన్నిటికంటే పెద్ద తేడా ఎంపికలో ఉంది. అలాస్కాలో సంకరాన్ని మంచుదారి పరీక్షించింది. పరుగెత్తనిదాని వంశం ఆగిపోయింది. ఆ పరీక్షలో దయ లేదు, కానీ నిజం ఉంది. హిందూపురంలో పట్టు సంకరాన్ని సూక్ష్మదర్శిని, రీలరు, మార్కెట్ పరీక్షిస్తాయి. మా తమ్ముడి కుక్కను పరీక్షించింది ఏమిటి? ఫొటో. నీలికన్నుకు ఒక కారణం ఫలానా జన్యు మార్పు అని 2018లో తేలింది. ఒకవైపు నుంచి వచ్చినా అది కనిపించవచ్చు. అందుకే సంకరంలో కూడా నీలికన్ను దొరుకుతుంది. కన్ను అమ్ముడుపోతుంది. తుంటి, బుద్ధి, ఎండ ఓర్పు ఫొటోలో కనపడవు.

చట్టం కూడా ఉంది. కుక్కలతో పిల్లలు తీసి అమ్మేవాళ్ళు రాష్ట్ర జంతు సంక్షేమ మండలిలో నమోదు కావాలని, ఎనిమిది వారాలు నిండని పిల్లల్ని అమ్మకూడదని, ఆడకుక్కకు 18 నెలలు నిండాలని 2017 నియమాలు చెబుతున్నాయి. తమ్ముడి కుక్కకు ఇంకా అన్ని నెలలు నిండలేదు.

ఇదంతా చెప్పి, "కాబట్టి కలపడం తప్పు కాదు. తల్లీ తండ్రీ ఎవరో తెలియకుండా, ఏ పనికో తెలియకుండా, పుట్టే ఆరింటిలో మూడు అమ్ముడుపోకపోతే ఎక్కడ పెడతావో తెలియకుండా కలపడం తప్పు" అన్నాను.

వాడు చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత, "నువ్వు చెప్పేది బాగుందన్నా. కానీ దీనికి నెలకు మేతకే ఎంతవుతాందో తెలుసా? ఒక్క ఈత అమ్మితే రెండేళ్ళ ఖర్చు వస్తాది" అన్నాడు. ఆ మాటకు నా దగ్గర జవాబు లేదు. గొర్రెల కాపరి లెక్క కూడా అదే కదా. వాణ్ణి తప్పుపట్టడం బెంగుళూరు ఫ్లాట్‌లో కూర్చుని సులువు.

మర్నాడు పొద్దున పిల్లను అమ్మినవాళ్ళ నంబర్‌కు వాడే ఫోన్ చేశాడు. దీని తండ్రిని చూడాలని, వస్తామని చెప్పాడు. అవతలివాళ్ళు కనుక్కుని చెబుతామన్నారు. మళ్ళీ చేస్తే ఎత్తలేదు. ఆ ఎదకు పెనుకొండ తీసుకుపోలేదు. వచ్చే ఎద సంగతి వచ్చినప్పుడు చూద్దాం అంటున్నాడు.

నేను రైలుకు బయల్దేరుతుంటే చిన్నాయన ఒక గోనెపట్ట తడిపి తెచ్చాడు. కిటికీకి కాదు. షెడ్డు గోడకు బయటివైపు, కింద, కుక్క ఆనుకుని పడుకునే చోట మేకు కొట్టి వేలాడదీశాడు. కుక్క దాన్ని ఒకసారి వాసన చూసి, వీపు ఆనించి పడుకుంది.